నూకరత్నం పంపిన చేపలు

నాకు ఈర్ష్య ఎక్కువని పెళ్ళినాడే మా అమ్మ మా ఆయనతో చెప్పింది. "బాబూ, పిల్ల మంచిదే గాని కాస్త కుళ్ళుబోతు" అని. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఆ మాటకి ఏడ్చాను గాని, అబద్ధమని మాత్రం అనలేను.

మా ఆయన ఏలూరు ఆసుపత్రిలో కాంపౌండరు. ఎజ్రా కాంపౌండరు గారంటే ఊళ్ళో మంచి పేరు. ముప్పై ఆరో సంవత్సరం ఎండల్లో కొల్లేటి లంకల్లో కలరా లేచింది. ఆయన్నీ, నర్సు హన్నమ్మనీ మందులపెట్టెతో ఒక లంకకి పంపారు. అక్కడి బడిలో చాపలు పరిచి రోగుల్ని పడుకోబెట్టారట. ఇరవై రెండు రోజులున్నారు.

వెళ్ళిన మనిషి వెళ్ళినట్టు తిరిగి రాలేదు. చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, చర్మం పగిలి నెత్తురొచ్చినా కడుగుతూనే ఉండేవారు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటే, ఆయన నా మొహం చూడటం మానేశారు. మాట్లాడితే గోడతో మాట్లాడేవారు. నేను మంచినీళ్ళిస్తే చెంబుని చూసేవారు. "సరోజా, ఒకసారి ఇటు తిరుగు" అని ఊరికే పిలిచి చూసే మనిషండీ ఆయన! రెండు నెలలు ఆ ఒక్క చూపుకి మొహం వాచిపోయాను.

సాయంత్రమయ్యేసరికి మాత్రం ఎవరో పిలిచినట్టు కాలువ గట్టుకి బయల్దేరేవారు. అప్పుడప్పుడు చేతిలో చేపతో తిరిగొచ్చేవారు. మొదటిసారి తెచ్చింది మంచి కొర్రమీను.

"ఎవరిచ్చారండీ?" అన్నాను.

"నూకరత్నం పంపింది," అన్నారు పొయ్యిని చూస్తూ.

"ఆవిడెవరు?"

"రోగి. బతికింది."

అంతే. ఆ చేప పులుసులో కావాలనే ఉప్పు రెండింతలు వేశాను. ఆయన అసలు ముట్టుకోలేదు. పక్కింటి పిల్లికి పెడితే అదీ వాసన చూసి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక హన్నమ్మని చర్చి వెనక్కి లాక్కెళ్ళి ఆ నూకరత్నం సంగతేమిటని అడిగాను.

"అలాంటిదేం లేదు వదినా," అంటూనే చెప్పింది. ఆఖరి వారంలో నరంలోకి ఎక్కించే సెలైన్ సీసా ఒక్కటే మిగిలిందట. ఇద్దరు ఆడవాళ్ళకి నాడి అందడం లేదు. నూకరత్నం తరవాత వచ్చింది. అయినా సీసా ఆమెకే ఎక్కించారు. ముందొచ్చినావిడ తెల్లారేలోగా పోయింది. కొత్త సీసాలు మర్నాడు గాని పడవలో రాలేదు.

"వరస తప్పించి ఎందుకిచ్చారు?"

"నేనడగలేదు వదినా. ఆ పూట మేం ఎవరం ఎవర్నీ ఏమీ అడగలేదు," అని హన్నమ్మ కళ్ళు తుడుచుకుంది.

పోయినావిడ పేరైనా నేను అడగలేదు. ప్రభువు నన్ను క్షమించాలి. వరస తప్పించి మరీ బతికించుకున్నారంటే ఆ నూకరత్నం ఎంత అందగత్తో! నా కడుపుమంటంతా అదే. నిప్పు లేనిదే పొగ రాదు గదా.

ఆ సాయంత్రమే ఇద్దర్నీ పట్టుకుందామని ఆయన వెనకాలే వెళ్ళాను. పెంటపాడులో మా పుట్టింటికి పోవడానికి గుడ్డలు మూట కట్టి మరీ బయల్దేరాను. పొద్దు వాలుతోంది. చేపల బుట్టలు దింపేసిన పడవలు గట్టున కట్టి ఉన్నాయి. ఒక పడవ పక్కన మా ఆయన, ఎవరో పడవ మనిషి, ఇద్దరూ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. ఆడమనిషి జాడే లేదు. ముందు సిగ్గేసింది. వెంటనే మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంట్లో నా దగ్గర రెండు నిమిషాలు కూర్చోని మనిషి ఇతని పక్కన గంటలు కూర్చుంటారా!

"ఏవండీ," అని పిలిచాను.

ఆయన తిరగలేదు. పడవ మనిషి తిరిగాడు. "ఓసి నూకరత్నం, నువ్వెప్పుడొచ్చావే?" అంటూ లేచి, దగ్గరికొచ్చి నాలిక్కరుచుకున్నాడు. "తప్పయిపోయిందండి అమ్మగారూ. మా లంకలో పిల్లనుకున్నానండి. అదే కళ్ళు, అదే గడ్డం. ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారండి!"

మా ఆయన లేచి నిలబడ్డారు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నన్ను పెద్దింటయ్య అంటారండి," అన్నాడు అతను సంతోషంగా. "నూకరత్నం ఇచ్చే చేపలు నా పడవలోనే తెస్తానండి. మీ ఆయన గారు దేవుడండి. మా ఆడది సుబ్బలక్ష్మి పోయిన కాణ్ణించి రోజూ వచ్చి నా పక్కన కూర్చుంటారండి. ఒక్క మాట ఆడరు. బళ్ళో నూకరత్నం పక్క చాపేనండి దానిది. దానికంటే ఒక పూట ముందే తీసుకొచ్చానండి. ఇంక సీసా ఎక్కించినా లాభం లేదని బాబుగారు చూసే ఉంటారు కాబోలని సరిపెట్టుకున్..."

అక్కడ ఆగిపోయాడు. నా మొహం చూశాడు. మా ఆయన్ని చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు. నవ్వు కాసేపు అతని మొహం మీద అలాగే ఉండి, పోయింది.

"వరస మాదే గదండీ బాబూ?" అని మెల్లగా అడిగాడు.

"మీదే," అన్నారు మా ఆయన. "ముందు సుబ్బలక్ష్మి దగ్గరే కూర్చున్నాను పెద్దింటయ్యా. సూది చేతిలోనే ఉంది. పక్క చాప మీద నూకరత్నాన్ని చూస్తే సరోజ పడుకున్నట్టుంది. సరోజ కాదని తెలుసు. తెలిసే లేచాను. నీతో చెబుదామనే రోజూ వచ్చాను. నోరు రాలేదు."

పెద్దింటయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. వంగి తాడు విప్పుకున్నాడు. గెడ అందుకుని పడవని గట్టుకి దూరంగా తోశాడు. కనబడినంత మేరా మావైపు తిరగలేదు.

మా ఆయన గట్టు మీద కూలబడి పెద్దగా ఏడ్చారు. నేను మూట కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. వీపు రాస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఆయన తలెత్తి, నిండా నా మొహంలోకి చూసి "సరోజా" అన్నారు.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. కాని ఆయన చూస్తుంటే ఓర్చుకోలేక, పైట కొంగు మొహం మీదికి లాక్కున్నాను.