గాజుపళ్లెంలో చచ్చిన క్రిమి

అక్క బస్సు కండక్టరు. ఇరవై ఏళ్లుగా నిలబడి చేసే ఉద్యోగం. చెప్పు కరిచిన చోట లేచిన పొక్కు పుండయింది. షుగరు దాన్ని మాననివ్వలేదు. ఆసుపత్రిలో మూడు వారాలు మందు మీద మందు మార్చారు. ఏ మందుకూ లొంగని క్రిమి చేరిందని డాక్టరు చివరికి చేతులెత్తేశాడు.

చెల్లెలు పనిచేసే ప్రయోగశాలలో సరిగ్గా అలాంటి క్రిముల కోసమే ఒక జెల్ తయారుచేస్తున్నారు. నీళ్లు పట్టి ఉంచే మెత్తని ముద్ద అది. పుండు మీద పరిస్తే క్రిమి పైపొరను చీల్చి చంపుతుంది. ఎలుకల్లో పనిచేసింది. మనుషుల మీద వాడటానికి అనుమతి ఇంకా రాలేదు.

ఆసుపత్రి వాళ్లనడిగి అక్క పుండులోని చీము తెచ్చి పరీక్షించింది చెల్లెలు. మర్నాటికి జెల్ వేసిన గాజుపళ్లెంలో ఒక్క క్రిమీ మిగల్లేదు. ఆనందం పట్టలేక బావకు చెప్పేసింది.

"ఒక్క డబ్బా తెచ్చిపెట్టమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు బావ, ఆసుపత్రి మెట్ల మీద. "మూడో కంటికి తెలీనివ్వను."

"ఎలుక వేరు, మనిషి వేరు బావా. ఒంట్లోకి దిగి ఏ కిడ్నీనో పాడుచేస్తే?"

పై అధికారిని అడిగింది. ప్రత్యేక అనుమతికి అర్జీ పెడదామన్నాడాయన. జవాబుకు నెల పడుతుందట. ఆ సాయంత్రం ఒక డబ్బా సంచిలో వేసుకుంది. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. భయం అక్క కిడ్నీల గురించో, తన ఉద్యోగం గురించో ఆమెకే తేలలేదు.

నాలుగో రోజున అక్క కాలు మోకాలి కింద తీసేశారు.

తర్వాతి నెలలో జరిగిన సదస్సులో అధికారి ఆ పళ్లెం ఫొటో తెర మీద చూపించాడు. "ఇంత మొండి క్రిమి మాకింతవరకూ తగల్లేదు," అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆమె కూడా కొట్టింది.

మర్నాడు అక్కను చూడబోయింది.

"జెల్ సంగతి మీ బావ చెప్పాడు," అంది అక్క. "తగ్గేదో లేదో ఎవరికెరుక. నా బాధ అది కాదు. నువ్వూ ఆయనా మీలో మీరే తేల్చేసుకున్నారు. కాలు నాది కదే. నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఏమనేదానివక్కా?"

"ఇప్పుడెందుకే," అని అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

చెల్లెలు కాసేపు కూర్చుంది. అక్క ఉండమనలేదు, వెళ్లమనీ అనలేదు.