దిష్టి కళ్లు

"పెరుగు ఎయ్యమంటే గుడ్లురుముతవేంది?" అన్నాడు సాయినాథ్, కంచంలోంచి తలెత్తి.

గరిటె పట్టుకున్న అరుణజ్యోతి చెయ్యి అలాగే ఆగిపోయింది. ఉరమలేదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మొగుడికి! పైరెప్పలు పైకి లాక్కుపోయి, కనుగుడ్లు ముందుకు తోసుకొచ్చి ఏడాది కావస్తోంది. థైరాయిడ్ ముదిరితే కొందరికి కళ్లు ఇలా అవుతాయని డాక్టరు ఆయన ఎదురుగానే చెప్పాడు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. పుట్టింట్లో తల దించుకుని నడవమన్నారు, అత్తింట్లో కళ్లెత్తితే పొగరన్నారు. ఇన్నేళ్లూ దించుకునే బతికిన కళ్లు ఇప్పుడు దించుదామన్నా దిగవు. నిద్రలో కూడా సగం తెరుచుకునే ఉంటాయి. తెల్లారి లేస్తే ఇసుక పోసినట్టు మంట. ఆ మంట ఎవరికి కావాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె పనిచేసే కోచింగ్ సెంటర్లో మాత్రం ఎవరికి కావాలి? డైరెక్టర్ వెంకటేశ్వరరావుగారు గుంటూరు మనిషి, మాట మహా మెత్తన. "ఏమీ అనుకోవద్దమ్మా. ఫీజు కట్టడానికొచ్చిన పేరెంట్సు, రిసెప్షన్లో ఆవిడ మమ్మల్ని కోప్పడుతోందేంటండీ అని అడుగుతున్నారు. కొన్నాళ్లు వెనకగదిలో కూర్చుని పుస్తకాల ప్యాకింగ్ చూసుకుందురుగాని" అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం లాభం, ఏడ్చినా కోపంగా చూస్తున్నట్టే ఉంటుంది ఆ మొహం.

ఇక డాక్టర్ల సంగతి చెప్పాలంటే అదో పెద్ద భాగోతం. దిల్‌సుఖ్‌నగర్ థైరాయిడ్ డాక్టరు రక్తం రిపోర్టు తప్ప మనిషి మొహం చూడడు. "నంబర్లు దిగుతున్నయమ్మా. కండ్ల సంగతి కండ్ల డాక్టర్నే అడుగు" అంటాడు. ఎల్బీ నగర్ కళ్ల డాక్టరమ్మ చుక్కలమందు రాసి, ముందు థైరాయిడ్ అదుపులోకి రానివ్వమంటుంది. గుండెదడకి మరొకాయన. గొంతులో గ్రంథి కోసి తీసేద్దామని సర్జను. కోతెందుకు, అయోడిన్ మందు మింగితే అదే ఎండిపోతుందని థైరాయిడాయన. "అది మింగితే కళ్లు ఇంకా పాడవ్వచ్చు. ఆగమని ఆయనకి చెప్పండి" అని కళ్లావిడ. చెప్పండట! వెళ్లి చెబితే ఆయనకి పొడుచుకొచ్చింది. "ఆమె నాకు ఫోన్ చెయ్యొచ్చు గద? నువ్వెందుకు నడుమ?"

నిజమే, ఎందుకు నడుమ? ఇంట్లో అత్త మాట మొగుడికీ, మొగుడి మాట ఆడబిడ్డకీ మోసే పని ఎలాగూ ఆమెదే. అత్త షుగరు బిళ్లలు, మొగుడి బీపీ మాత్రలు, ఆడబిడ్డ స్కానింగులు, ఆడబిడ్డ కొడుక్కి టీకాలు, అన్నీ అరుణజ్యోతి తలలోనే ఉంటాయి. ఆమె రోగాన్ని మాత్రం ఏ ఒక్కరూ మొత్తంగా తలకెత్తుకోరు. ఒకరోజు ఎల్బీ నగర్ బస్టాపులో నిలబడి ఫైలు గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది. నేనొక్క మనిషినే కదా, ఇన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచుకున్నారేమిటని అరవాలనిపించింది. పక్కనున్నామె జాలిపడి ఏమైందని అడగబోయి, ఆ చూపు చూసి అవతలికి జరిగింది.

చివరికి కళ్లావిడే దయతలచింది. "సిటీకి ఆ చివర ఒక పెద్దాసుపత్రిలో బుధవారం బుధవారం థైరాయిడ్, కళ్లు, సర్జరీ డాక్టర్లు ఒకే గదిలో కూర్చుని చూస్తారమ్మా. ఈ వారానికి మీ పేరు చెప్పాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే కంటినరం నొక్కుకుపోతున్నట్టు లెక్క. అప్పుడు ఒక్కపూట కూడా ఆగొద్దు. పోయిన చూపు తిరిగి రాదు."

ప్రాణం లేచొచ్చింది అరుణజ్యోతికి. తీరా చూస్తే ఆ బుధవారమే ఆడబిడ్డ సింధు కొడుకుని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ! "తొట్టెల అయినంక పోదాం తీ. వచ్చేవారం బుధవారం రాదా ఏంది?" అన్నాడు సాయినాథ్.

అత్త సైదమ్మ ఇంకో మాట కలిపింది. "వంట మాత్రం నువ్వే జెయ్యాలె. నీ చేతి మటన్ లేకుంటే సుట్టాలు ఊకోరు. గని పిల్లగాన్ని తొట్లెల ఏసేటప్పుడు నువ్వు ఇవతలికి రాకు బిడ్డా. గా సూపు మంచిది గాదు. మొన్న నువ్వు సూశినంకనే పాలు కక్కిండు."

మొన్న ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పసివాడికి దిష్టి తీసింది సైదమ్మ. తీసి, పొయ్యిలో వేసి రమ్మని అరుణజ్యోతి చేతిలోనే పెట్టింది. ఆ ఘాటు కూడా ఈ కళ్లే భరించాయి. ఆమె చేతులు కావాలి, ఆమె కళ్లు అక్కర్లేదు. ఎంత న్యాయమో చూడండి!

బుధవారం పొద్దున పెద్ద గంజులో మటన్ ఉడుకుతోంది. పొగ కుడికంట్లోకి కొట్టింది. ఆ కంటికి కొంగు అడ్డం పెట్టుకుని కారం డబ్బా మూత తీసింది. డబ్బాలో మట్టి ఉంది. ధనియాలపొడి తీశానేమోనని వాసన చూసింది. కారమే. కొంగు తీసి రెండో కన్ను మూసింది, మంటలా ఎర్రగా కారం. మళ్లీ మార్చింది. మట్టి.

అయ్యో అమ్మా, అనుకుంది. హాల్లోకి పరిగెత్తి సాయినాథ్ చెయ్యి పట్టుకుంది. "ఎడమకంటికి ఎరుపు కనిపిస్తలేదు. డాక్టరమ్మ ఒక్కపూట కూడా ఆగొద్దన్నది. పోదాం."

"సుట్టాలొచ్చే టైముల పరేషాన్ జెయ్యకు. జర ఆగు, రేప్పొద్దున తీస్కపోత."

రేపు! ఆ ఒక్క మాటతో ఆమెకి అంతా కనబడింది. చూపు పోయాక వీళ్లే అయ్యో పాపం అంటారు. ఏదో మూల కూర్చోబెట్టి, ఇంత వెల్లుల్లి ముందు పోసి, తడుముకుంటూ అయినా ఒలవమంటారు. ఒలుస్తుంది కూడా, తన సంగతి తనకి తెలియదూ! భయం వేసింది. వాళ్లని చూసి కాదు, తనని చూసుకుని.

వంటగదిలోకి వెళ్లి చేతులు కడుక్కుంది. ఫైలు చంకలో పెట్టుకుని, మసాలా మరకల చీరతోనే చెప్పులేసుకుంది. తొట్టెలకి పూలు కడుతున్నవాళ్లు చేతులాపి చూశారు. సైదమ్మ గభాలున మనవడి మొహం కొంగుతో కప్పింది.

"ఏయ్ అరుణా, ఏడికి? పొయ్యి మీద కూర ఎవలు సూడాలె?" అంటూ సాయినాథ్ గడపదాకా వచ్చాడు.

"కండ్లున్నోళ్లు సూడున్రి" అంది అరుణజ్యోతి, మెట్లు దిగుతూ.