నాలుక కాపలా

నేనొక చిన్న యంత్రాన్ని. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదాన్ని. ఎక్కడో చలిదేశంలో, దుమ్ము కూడా చొరబడని గదిలో పుట్టాను. నిద్రలో గొంతు మూసుకుపోయే మనిషి నాలుక నరాన్ని సన్నగా తట్టి, నాలుకను ముందుకు జరిపి, ఊపిరికి దారి ఇవ్వడం నా పని. ఇంత పనికి పుట్టి, చివరికి భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ యజమాని చిట్టూరి భాస్కరరామం రొమ్ములో, చర్మం కిందికి చేరాను. నా ఖర్మ.

ఇతగాడి గురకకు కిటికీ రెక్కలు అదిరేవట. మధ్యమధ్య ఊపిరే ఆగిపోయేదట. భార్య సత్యవేణి ఉలిక్కిపడి లేచి భుజం కుదిపితే, "గురకా? నేనా? ముందు నీ చెవులు చూపించుకో" అనేవాడట. డాక్టరు ఇచ్చిన గాలి మాస్కును "ఏనుగు తొండంలా ఇదేంటి!" అని విసిరికొట్టాక, నన్ను పెట్టారు.

పడుకునేముందు రిమోటు నొక్కితే నేను మేలుకుంటాను. ఇతగాడు నొక్కితేగా! నాలుక తన మాట వినకుండా కదలడం నామోషీ అట. రిమోటును బీరువాలో పడేశాడు. ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా మాత్రం చొక్కా గుండీలు విప్పి మచ్చ చూపించేవాడు. "మన ఊళ్లో ఇది నా ఒక్కడికే ఉందండీ!" ప్రాణం నిలిపే నన్ను మెడలో గొలుసును చేసేశాడు.

ఒకసారి పాలకొల్లులో గృహప్రవేశానికి వెళ్లి, సుష్ఠుగా భోంచేసి, తిరుగుదారిలో తనే కారు నడిపాడు.

"కళ్లు మూతలు పడుతున్నాయి మీకు. కాసేపు ఆపండి" అంది సత్యవేణి.

"నువ్వు నోర్మూసుకుని కూర్చో."

రాత్రంతా ఊపిరాగి నిద్ర తెగేవాడికి పగలు కునుకు రాక మానుతుందా? ఆ మాట అని ఎంతోసేపు కాలేదు, తల వాలిపోయింది. కారు కాలవ వైపు మళ్లింది. ఆమె స్టీరింగు పట్టి లాగింది. కారు అవతలి పక్క గడ్డిమేటులోకి దూసుకుపోయి ఆగింది. ఆమె మణికట్టు విరిగింది. ఇతగాడికి గీత కూడా పడలేదు.

"గేదె అడ్డొచ్చిందండీ" అన్నాడు చేరిన జనంతో. అక్కడ గేదె లేదు, దూడా లేదు.

చేతికట్టుతో ఇంటికొచ్చిన సత్యవేణి తిన్నగా వెళ్లి బీరువా తెరిచింది.

"ఈ రిమోటు ఇక నా దగ్గరే ఉంటుంది. నేను నొక్కాకే మీరు పడుకునేది."

"ఏంటే, నా మీద పెత్తనమా?"

"వద్దంటే చెప్పండి. ఆ గేదె సంగతేంటో ఊరందరికీ నేనే చెబుతాను."

పడుకునే వేళకు భాస్కరరామం తనే వచ్చి, నొక్కమన్నట్టు ఆమె ముందు నిలబడ్డాడు. చచ్చిపోతానన్న భయం చెయ్యలేని పని, పరువు పోతుందన్న భయం చేసింది.

ఆ రాత్రి మొదటిసారి నా పని నేను చేశాను. గొంతు మూసుకోబోయినప్పుడల్లా నాలుకను ముందుకు జరిపాను. పక్కన సత్యవేణి ఎన్నేళ్లకో ఒళ్లు మరిచి నిద్రపోయింది. అలసటకు ఆమెకూ చిన్న గురక వచ్చింది.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఇతగాడు, "నీ గురకతో నాకు కునుకు పడితే ఒట్టు" అన్నాడు.

పచ్చి అబద్ధం. దుంగలా పడి నిద్రపోయాడు, సాక్షిని నేను. ఆమె నవ్వి ఊరుకుంది. నాకు ఆ ఓపిక లేదు. అయినా ఏం చేస్తాను? ఆ కూత కూసిన నాలుకనే ఇవాళ కూడా నేను కాపాడాలి.