పరదా వెనక ట్యూబులైట్లు

"బియ్యంలో రాయి చేతికే తెలుస్తుంది. వంటింటికి ఇంకో బల్బెందుకమ్మా?" అంది అత్తగారు.

హైమవతి చేట దగ్గరికి లాక్కుంది. ఆ గుడ్డివెలుగులోనే రాళ్ళేరుతోంది. మనసు మాత్రం హైదరాబాదు పాతబస్తీలో జహనుమా దగ్గరి కాలేజీలో, తను ఫిజిక్సు చెప్పే లెక్చర్ హాల్లో ఉంది. ఆ హాలుకు కొత్త లైట్లు పెట్టే పని ఆమె భర్త, ఇంజనీరు గోపాలకృష్ణమూర్తికే వచ్చింది. అతను హాలు ప్లాను కాగితాలు తెచ్చి ఆమె ముందు పడేశాడు. "కాస్త గీసిపెట్టవోయ్, నీకు కాలక్షేపంగా ఉంటుంది!"

ఎసరు మరిగేలోపు కొంత, పాలు పొంగేలోపు కొంత గీసింది. ఆమె ధ్యాసంతా మగపిల్లలకు కనబడకుండా కట్టిన పరదా చాటున, వెనక బెంచీల్లో కూర్చునే అమ్మాయిల మీదే. పాపం, నోట్సు ముక్కుకు ఆనించుకుని రాసుకుంటారు. వాళ్ళ నెత్తిన వరసగా ట్యూబులైట్లు గీసింది. వాళ్ళే వేసుకునేందుకు వీలుగా స్విచ్చుబోర్డూ అటువైపే పెట్టింది.

ప్రారంభోత్సవం సాయంత్రం, ఆ వెలుగు పిల్లలతో కలిసి చూడాలని పరదా వెనకే కూర్చుంది.

స్విచ్చు పడింది. వేదిక ధగధగలాడింది. చప్పట్లు!

వెనక చీకటి వెనకే ఉంది.

"మేడమ్, ఇధర్ అంధేరా!" పక్కనున్న అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

హైమవతి తలెత్తింది. ట్యూబులు లేవు. టేపు చుట్టిన వైర్లు వేలాడుతున్నాయి.

బోర్డు దగ్గరున్న వైర్‌మన్ ఎల్లప్ప తల దించుకున్నాడు. "సారే తీసెయ్యమన్నడమ్మా. గీడివన్నీ స్టేజీకే బిగించినం. ఆడపిల్లలు ఇనెతందుకేగా వచ్చేది, చెవులకు లైట్లెందుకన్నడు."

అత్తగారి మాటే! కాకపోతే కొడుకు నోట ఇంజనీరింగు చదువుకుని వచ్చింది.

"ఈ డిజైను కోసం నేనెంత శ్రమపడ్డానంటే..." వేదిక మీద భర్త కాగితం చూసి చదువుతున్నాడు.

అన్నీ మార్చాడు. స్విచ్చుబోర్డు ఎటుందో మాత్రం చూసుకోలేదు.

హైమవతి లేచింది. "ఎల్లప్పా, జరుగు."

టపటపా స్విచ్చులన్నీ ఆర్పేసింది. హాలంతా చీకటి గుయ్యారమైంది.

"ఎవరది? లైట్లు వెయ్యండి! నేను చదవాలి!"

"అందరం వినడానికేగా వచ్చాం. చెవులకు లైట్లెందుకండీ?" పరదా వెనక నుంచి భార్య గొంతు ఖంగున మోగింది. "కాగితం మాత్రం ఎందుకు? మీరు గీసిందేగా, చూడకుండా చెప్పండి!"

వేదిక మీద కాగితం రెపరెపలాడిన చప్పుడైంది. చీకట్లో అమ్మాయిలు కిసుక్కుమన్నారు.

స్విచ్చుల మీంచి చెయ్యి తియ్యకుండానే హైమవతి అంది:

"ఎల్లప్పా, నిచ్చెన పట్రా. ముందు ఇక్కడ వెలగాలి."