మందు వద్దని రాయండి

తొమ్మిది వారాలు కూడా నిండలేదు. కడుపు కంటికి ఆనడం లేదు. అప్పుడే ఊరి క్లినిక్కులో ప్రసూతి నర్సు లియోనీ ఎదురుగా కూర్చుని మెరిన్, "కాన్పులో నాకు నొప్పి మందు ఇవ్వకూడదు. ఏదీ వద్దు. ఇప్పుడే రాసిపెట్టండి, పెద్దక్షరాలతో" అంది.

లియోనీ ముప్పై ఏళ్లుగా ఆ గొర్రెలు పెంచే ఊళ్లన్నిటిలో పురుళ్లు పోసిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి నవ్వింది.

"ఇంకా ఏడు నెలలుందే అమ్మాయ్. ఇప్పట్నించీ గుండెలు బాదుకోడం ఎందుకు?"

"ఏడు నెలలు చాలవనే వచ్చాను."

ఇక చెప్పక తప్పలేదు. ఇరవై నాలుగో ఏట గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో పనిచేస్తుండగా పెద్ద ఉన్ని మూట జారి మెరిన్ నడుము మీద పడింది. డాక్టరు మాత్రలు రాశాడు. నడుము ఏడాదిలో బాగుపడింది గానీ మాత్రలు ఆమెను వదల్లేదు. ఇక రాయనన్న డాక్టర్ని విడిచి ఇంకో ఊరి డాక్టర్ని పట్టుకుంది. ఆఖరికి, క్యాన్సర్‌తో మంచం పట్టిన తల్లి దిండు కింది మాత్రలు కూడా తీసి మింగింది. చివరి వారమంతా తల్లి మూలుగుతూనే ఉంది. దొంగ ఎవరో ఆవిడకి తెలుసు. నోరు విప్పలేదు. తర్వాత అక్క గ్లెండాకి తెలిసింది. మెరిన్ కూతురు టిల్డాకి అప్పుడు రెండేళ్లు. గ్లెండా కోర్టుకెళ్లి పిల్లను తన దగ్గరికి తెచ్చుకుంది. కాదనే ముఖం మెరిన్‌కి లేకపోయింది. ఇప్పుడు టిల్డాకి ఆరేళ్లు. మెరిన్ మాత్ర ముట్టక మూడేళ్ల ఏడు నెలలు.

"ఒక్క చుక్క ఒంట్లోకెళ్తే మళ్లీ ఎక్కడ తేల్తానో నాకే తెలీదు. ఈ బిడ్డని కూడా పోగొట్టుకోలేను."

లియోనీ నవ్వు ఆగిపోయింది. "రాస్తాను. కానీ ఆపరేషన్ చెయ్యాల్సొస్తే మందివ్వకుండా కొయ్యరు. అదీ రాస్తాను."

"అది రాయకండి."

"రాస్తాను" అంది లియోనీ, రాస్తూనే.

మర్నాటి నుంచే మెరిన్ నొప్పి ఓర్చుకోడం సాధన మొదలుపెట్టింది. పనికి వెళ్లేముందు గంట నడక. గోడకి వీపు ఆనించి గుంజీలు. సాయంత్రం గుప్పిట్లో ఐసు ముక్కలు బిగించి పట్టుకుని, నిమిషం పాటు నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం. ఆమెతో ఉంటున్న డార్సీ కంచెలు కట్టేవాడు, మంచివాడు. ఎదురుగా కూర్చుని గడియారం చూసేవాడు.

"ముఖం అలా పెట్టకే, నాకు భయమేస్తోంది."

"నీ పని గడియారం చూడ్డం. నా ముఖం కాదు."

టిల్డాను చూడ్డానికి ఆదివారం రెండు గంటలు ఇచ్చేది గ్లెండా. ఓ ఆదివారం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చెల్లెలి మాటలన్నీ విని, పెదవి విరిచింది. "పన్ను పీకించుకోడానికి ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చినదానివి. ఐసు ముక్కలు పట్టుకుంటే కాన్పు నొప్పి ఓర్చేస్తావా?"

"నేర్చుకుంటున్నానక్కా."

"అమ్మ కూడా చివర్లో మందు లేకుండానే పడుంది. ఆవిడకి నేర్చుకునే టైము లేదు పాపం."

మెరిన్ తలెత్తలేదు. కారు ఎక్కేదాకా ఏడవలేదు కూడా.

పదిహేనో వారంలో ఒక మంగళవారం పొద్దున, షెడ్డులో ఉన్ని ఏరుతుండగా కుడి డొక్కలో కత్తి దిగినట్టయింది. బిడ్డ పోయిందనుకుంది. డార్సీ తొంభై కిలోమీటర్లు ఎలా నడిపాడో అతనికే తెలీదు. ఆసుపత్రిలో స్కాను చేశారు. బిడ్డ గుండె గుర్రం పరుగులా కొట్టుకుంటోంది. మూత్రపిండంలో రాయి కిందికి జారుతోందన్నారు. నర్సు మార్ఫిన్ తెచ్చింది, ఆ పాత మాత్రల జాతి మందే. మెరిన్ వద్దంది. పారాసెటమాల్ ఎక్కించారు, అది ఏ మూలకీ చాల్లేదు.

నేర్చుకున్నదంతా చేసింది. ఊపిరి లెక్కపెట్టింది, చేతులూ మోకాళ్లూ ఆనించి వంగింది, మంచం కడ్డీ పట్టుకుంది. కాన్పు నొప్పి వచ్చి పోతుందనీ, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుందనీ లియోనీ చెప్పింది. ఈ నొప్పికి మధ్య అన్నది లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా వాంతులు చేసుకుంటూ ఓర్చింది. నాలుగింటికి, "ఇవ్వమను" అంది.

"నిజంగానా? నేనడిగినా ఒప్పుకోవద్దని నువ్వేగా..."

"ఇవ్వమను డార్సీ. చచ్చిపోతున్నా."

డార్సీ ఏడుస్తూ నర్సు వైపు తలూపాడు.

పది నిమిషాల్లో ఆ వెచ్చదనం కాళ్ల నుంచి పైకి పాకింది. మెరిన్‌కి దాని ప్రతి అడుగూ తెలుసు. నొప్పి పోయినందుకు కాదు, అంత హాయిగా ఉన్నందుకు భయపడి ఏడ్చింది.

మర్నాటికి రాయి పడిపోయింది. మాత్రల చీటీ వద్దని ఇంటికొచ్చింది. కానీ మందు ఆమెతోనే వచ్చింది. తింటున్నా అదే, పడుకున్నా అదే. మూడో రోజు మధ్యాహ్నం చూసుకుంటే కారు నడుపుతోంది. రోడ్డు, ఆ పాత డాక్టరుండే ఊరిది. నలభై కిలోమీటర్లు వచ్చేసింది. పక్కకి ఆపింది. చేతులు స్టీరింగు వదలడం లేదు. డార్సీ ఎక్కడో కంచె దగ్గర, ఫోను అందని చోట. అక్కకి చేసింది.

"అక్కా, కార్లో ఉన్నాను."

"ఎక్కడికి?"

"నీకు తెలుసు."

గ్లెండా అంది, "కారు తాళంచెవి తీసి కంచె అవతలికి విసిరెయ్. వస్తున్నా."

గంటకి వచ్చింది. బడి నుంచి అటే తెచ్చినట్టుంది, వెనక సీట్లో టిల్డా ఉంది. గ్లెండా చెల్లెలి మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది. "నిన్ను క్షమించలేదు. ఎప్పటికీ క్షమిస్తానో లేదో తెలీదు. అది వేరే సంగతి."

"తెలుసక్కా."

"తాళం ఎటు విసిరావు?"

మండే ఎండలో ముగ్గురూ పొదల్లో వెతికారు. చివరికి టిల్డాకే దొరికింది. "మా బడిలో కూడా ఇలాంటి ఆటే ఉంది" అంది పిల్ల, ఆటనుకుని. గ్లెండా ఆ తాళం తన సంచీలో వేసుకుని, పదకొండు రోజులు మెరిన్ ఇంట్లోనే ఉంది. ఎక్కువ మాట్లాడలేదు. స్నానానికి వెళ్లినా తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేది.

పద్దెనిమిదో వారంలో లియోనీ దగ్గర మళ్లీ కాగితం తీయించింది మెరిన్. ఈసారి తనే చెప్పి రాయించింది. ఇవ్వక తప్పని రోజొస్తే ఇవ్వండి. ఎంత ఇచ్చారో గ్లెండాకి చెప్పండి. నా చేతికి సీసా వద్దు, ఇంటికి ఒక్క మాత్రా పంపొద్దు. ఆపరేషన్ గురించి లియోనీ రాసిన మాట కిందా సంతకం పెట్టింది. ఆ సాయంత్రం మళ్లీ గోడకి వీపు ఆనించింది.

కాన్పు పంతొమ్మిది గంటలు పట్టింది. నొప్పికి ఉపశమనంగా కూర్చోబెట్టిన వేడినీళ్ల తొట్టిలో అరిచింది, డార్సీని బూతులు తిట్టింది, పదిహేడో గంటలో మందు కావాలని బతిమాలింది. లియోనీ ఆమె ముఖంలో ముఖం పెట్టి, "ఇంకో మూడు నొప్పులు చూద్దాం. అప్పటికీ కావాలంటే నేనే తెస్తా, ఒట్టు" అంది. మూడయ్యాయి. "ఇంకో మూడు" అంది మెరిన్ తనే. అలా మూడు మూడుగా లెక్కపెడుతూ మగపిల్లాణ్ని కంది.

గెలిచినట్టేమీ అనిపించలేదు. టిల్డా వచ్చి తమ్ముణ్ని చూసి, "ముసలాడిలా ఉన్నాడు" అంది. గ్లెండా నవ్వింది. కాసేపటికి పిల్ల కోటు గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. మర్నాడు బడి.

"సెలవులకి దాన్ని మా ఇంటికి పంపుతావా అక్కా?"

"ఇప్పుడు కాదు మెరిన్."

వాళ్లు వెళ్లిపోయారు. కారిడార్లో టిల్డా ఏదో అడగడం వినబడింది, ఏమిటో తెలియలేదు. నర్సు వచ్చి దుప్పటి సర్దుతూ, నొప్పి పదికి ఎంతుందని అడిగింది.

"ఎనిమిది" అంది మెరిన్. ఉన్నదే చెప్పింది. "రెండు పారాసెటమాల్ ఇవ్వండి. డబ్బా మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లకండి."