టెన్త్ మ్యాథ్స్ ప్యాచీ

అప్పారావుగారికి ఇంగ్లీషు మాటలంటే ప్రాణం, ఇంగ్లీషు భాషంటే భయం. కొబ్బరికాయల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, వాటితో రాజోల్లో ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టి, పేరు కింద కరస్పాండెంట్ అని రాయించుకున్న మనిషి. స్కూలుకు వచ్చే ఉత్తరాలు చదివేదీ నేనే, జవాబులు రాసేదీ నేనే. అక్కడ చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. నా పేరు రాజేశ్వరమ్మ.

రెండువేల మూడు ఫిబ్రవరిలో ఆయన రాజమండ్రి నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. స్కూళ్ళు చూసి లోపాలు చెప్పడం ఆ నిపుణుడి వృత్తి అట. మెడకి టై, కాళ్ళకి బూట్లు, ఒంటికి ఏదో సెంటు. ఒక్క పూటలో స్కూలంతా చుట్టేశాడు. ప్రతి క్లాసులోనూ వెనక బెంచీ మీద కూర్చోవడం, పెన్ను మూత తీయడం, మళ్ళీ పెట్టడం, లేచి పక్క క్లాసుకి పోవడం. నా క్లాసులో కూర్చున్నంతసేపూ కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూశాడు.

మధ్యాహ్నం కరస్పాండెంటుగారి గదిలో నిపుణుడికి రొయ్యల వేపుడుతో భోజనం పెట్టారు. ఆయన ఇంగ్లీషు అర్థం చేసి చెప్పడానికి నన్ను పిలిచి ఎదురుగా కుర్చీ వేశారు. నాకు భోజనం పెట్టలేదు. నిపుణుడు తింటూ తింటూ ఒక్కో క్లాసుకి ఒక్కో మాట విసిరాడు. సిక్స్త్ ఇంగ్లీష్ గుడ్. అది నాది. ఎయిత్ సైన్స్ యావరేజ్. టెన్త్ మ్యాథ్స్ అని ఆగి, పళ్ళ సందులో ఇరుక్కున్నదేదో తీసుకుని, "ప్యాచీ" అన్నాడు.

అప్పారావుగారు ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏదో కొత్తరకం మిఠాయి పేరు చెప్పినట్టు కళ్ళు పెద్దవి చేసి నా వైపు తిరిగారు.

"అంటే ఏంటండీ టీచరుగారూ? మంచిదాండీ, చెడ్డదాండీ?"

"రెండూనండీ. నారుమడిలో విత్తనం సమంగా పడకపోతే ఏమవుతుంది? ఒకచోట ఒత్తుగా మొలుస్తుంది, ఒకచోట బోడిగా ఉండిపోతుంది. అలాగ ఒక పని కొంత బాగుండి, కొంత బాగోకపోతే ప్యాచీ అంటారు."

"ఆయ్! ఎంత మంచి మాటండీ!" అని ఆయన తొడ చరుచుకున్నారు.

నేను నిపుణుణ్ణి అడిగాను, ఇంతకీ పాఠంలో ఎక్కడ మొలిచిందో ఎక్కడ బోడిగా ఉందో చెప్పండి అని. ఆ సంగతి చెప్పకపోతే ఆ మాట అనడం దేనికి? పాఠం చెప్పేవాళ్ళు దిద్దుకోవాలంటే చోటు తెలియాలి కదా. ఆయన వాచీ చూసుకుని రాజమండ్రి బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఆ రోజు నుంచి అప్పారావుగారి నోట్లో ఆ మాట కిళ్ళీలా నలిగింది. హోటల్లో ఉప్మా ప్యాచీ, కరెంటు ప్యాచీ, అల్లుడి బుద్ధి ప్యాచీ. మురమళ్ళ గుడికి వెళ్ళి స్వామికి కల్యాణం చేయించి వచ్చి రోడ్డు ప్యాచీ అన్నారు, ఆ ఒక్కదానికీ నేను తప్పు పట్టలేను. ఆయన జుట్టుకి వేసుకునే రంగు నడినెత్తిన నల్లగా, చెవుల పక్కన ఎర్రగా, మెడ మీద తెల్లగా ఉండేది. అద్దం ముందు మాత్రం ఆ మాట గుర్తొచ్చినట్టు లేదు. ఇదంతా చూసి నేను నవ్వుకుంటూ ఉండేదాన్ని. వెర్రిబాగుల మనిషి చేతికి ఒక మాట దొరికితే ఏమవుతుందిలే అనుకున్నాను.

మే నెల వచ్చింది. మా ప్రాంతంలో ప్రైవేటు స్కూలు టీచర్లకి వేసవి సెలవులంటే క్యాన్వాసింగ్. ఇద్దరేసి జట్టుకట్టి, కరపత్రాలు పట్టుకుని, ఊరూరా ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల్ని మా స్కూల్లో చేర్పించండి అని బతిమాలాలి. ఎమ్మే చదివినా అంతే, బీఈడీ చేసినా అంతే. చీరలమ్మే వాళ్ళని కనీసం కూర్చోమంటారు. మమ్మల్ని చూసి కొందరు తలుపులు వేసుకునేవారు.

నాకు జత సుందరమ్మ. టెన్త్ లెక్కలు ఆవిడవే. మలికిపురం దగ్గర పల్లెటూరు. తండ్రి లేడు, తల్లికి కళ్ళు సరిగ్గా కనబడవు, చెల్లెలు నర్సింగు చదువుతోంది. తమ్ముడు సుభాష్ కొత్తగా మస్కట్ వెళ్ళాడు, అక్కడింకా కాలు నిలదొక్కుకోలేదు. ఇల్లు నడిచేది ఈవిడ జీతం మీదే. లెక్కల టీచరుగా ఆవిడకి చుట్టుపక్కల పేరుంది. మా కరపత్రం మీద ఏం అచ్చువేశారో ఎవరూ చూసేవారు కాదు. "సుందరమ్మ టీచరుగారు మీరేనాండీ?" అని అడిగి, ఔనంటే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవారు.

శివకోడులో కాంతమ్మగారని ఒకావిడ ఉన్నారు. ఆవిడ కూతురు పింకీ పదో తరగతికి వచ్చింది. ఆ పిల్లకి లెక్కలంటే జ్వరం. కాంతమ్మగారు సుందరమ్మ చేతులు పట్టుకున్నారు.

"మీరున్నారనే చేరుస్తున్నానండి. మీరు ఉంటారు కదండీ?"

"ఉంటానండి. ఎక్కడికి వెళ్తాను?" అంది సుందరమ్మ.

ఆ సాయంత్రం అప్పారావుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"టీచరుగారూ, మన సుందరమ్మగారిని జూన్లో ఆపేద్దామనుకుంటున్నామండి. పాఠం ప్యాచీ అన్నేరు కదండీ పెద్దాయన. టెన్త్ మ్యాథ్స్ మా బావమరిది వినయ్‌కి ఇద్దామండి. ఇప్పుడే ఏమీ అనకండేం. క్యాన్వాసింగ్ అయిపోనివ్వండి."

మా దగ్గర స్కూళ్ళన్నీ టీచర్లని మే నెలలోనే కుదుర్చుకుంటాయి. జూన్లో వద్దన్నారంటే ఇంకెక్కడా చోటుండదు, ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలి. ఎండలో ఆవిడ పేరు చెప్పి పిల్లల్ని పోగుచేయించుకుని, ఆ పిల్లలు చేరాక ఆవిణ్ణి గెంటేస్తారన్నమాట. అందుకు కారణం ఒక్క మాట. దానికి అర్థం చెప్పింది నేను. ఉప్మాకీ కరెంటుకీ వాడి వాడి పదును పెట్టుకుని, చివరికి ఆ మాటని ఒక ఆడకూతురి కూటి మీద పెట్టాడు. అంతదాకా ఆయన్ని వెర్రిబాగులవాడనుకున్నాను. కాదు, నీచుడు.

మర్నాడు పొద్దున్న బస్టాండులోనే సుందరమ్మకి అంతా చెప్పేశాను. దాచిపెట్టి ఆవిడ పక్కన నడవడం నావల్ల కాదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఆ రాజమండ్రి ఆయన వచ్చిందెప్పుడండీ అక్కగారూ?"

"ఫిబ్రవరిలో. ఆ రొయ్యల వేపుడు రోజు."

"సుభాష్‌ని విమానం ఎక్కించడానికి నేను హైదరాబాద్ వెళ్ళేనండి అప్పుడు. తిరిగి వచ్చేక స్టాఫ్ రూములో చెప్పుకున్నారు కదండీ, నిన్న ఎవరో టై ఆయన వచ్చేరని. నేను ఆ రోజు ఊళ్ళోనే లేనండి."

"మరి టెన్త్ లెక్కలు ఎవరు చెప్పారు?"

"నా బదులు హెడ్మాస్టరుగారు ఆఫీసులో ఉన్న వినయ్ గారిని పంపేరండి. నోట్సులో ఆయన సంతకం కూడా ఉందని పిల్లలు చెప్పేరు."

బస్టాండులో అంతమంది మధ్య నేను పకపకా నవ్వాను. నిపుణుడు మనిషి పేరు అడగలేదు, క్లాసు పేరు చెప్పాడు. అప్పారావుగారు గోడ మీది టైంటేబుల్లో టెన్త్ మ్యాథ్స్ ఎదురుగా ఉన్న పేరు చూశారు. పాఠం వినయ్‌ది, పేరు సుందరమ్మది. ఇంకేముంది, ఈవిడ ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాను. అక్కడినుంచే స్కూలుకి బయల్దేరాం. అప్పారావుగారి మొహం ఎలా మాడిపోతుందో చూడాలని దారిపొడవునా ఉబలాటపడ్డాను.

ఆయన నేను అనుకున్న మనిషి కాదు. అంతకంటే పై మెట్టు.

సుందరమ్మ నిలబడే చెప్పింది. తాను ఆ రోజు లేనని, నిపుణుడు చూసింది వినయ్ గారి పాఠమని, కావాలంటే పిల్లల్ని అడగమని. ఆయన మొహం మాడలేదు. దీపావళి మతాబాలా వెలిగింది.

"అయ్యబాబోయ్! ఆ పాఠం చెప్పింది మన వినయ్ బాబాండీ? ప్యాచీ అంటే అక్కడక్కడా ఒత్తుగా మొలిచినట్టే కదండీ టీచరుగారూ? మీరే కదండీ చెప్పేరు? అదే మొదటిసారండి ఆ కుర్రాడు బోర్డు దగ్గర నిలబడ్డం. రాజమండ్రి పెద్దాయన చేత అంత మాట అనిపించుకున్నాడంటే మాటలాండీ!"

అదే పాఠం, అదే మాట. నిన్నటిదాకా అందులో బోడి మడే కనబడింది. బావమరిదిదని తెలియగానే పచ్చటి మొలకలు కనబడ్డాయి.

"మరి నా సంగతండీ?" అంది సుందరమ్మ.

"మీదాండీ?" అని ఆయన జాలిగా చూశారు. "మీ పాఠం పెద్దాయన అసలు చూడనేలేదు కదండీ. మంచో చెడో ఎలా తెలుస్తుంది చెప్పండి? ఏమీ తెలియకుండా టెన్త్ క్లాసు ఎలా అప్పచెప్పమంటారండీ?"

ఆరేళ్ళుగా ఆవిడ దగ్గర చదివిన పిల్లలు ఆయన కళ్ళ ముందే పాసై కాలేజీలకి పోయారు. ఆ మార్కులు కరపత్రం మీద ఆయనే అచ్చు వేయించుకున్నారు. అయినా ఏమీ తెలియదట! ఒక్కనాడైనా ఆవిడ క్లాసు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ మనిషి కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రంగు తల మీద ఇంకు సీసా బోర్లించాలన్నంత కోపం వచ్చింది.

"అప్పారావుగారూ, జూన్ నుంచి నేనూ రానండి. ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాను.

"అదేంటండీ! మీది గుడ్ అన్నేరు కదండీ!" అన్నారాయన నిజంగా ఆశ్చర్యపోయి.

ఆ మాట విన్నాక ఉద్యోగం వదులుకోవడం ఎంత తేలికైపోయిందో చెప్పలేను. నాకు మా ఆయన పెన్షన్ ఉంది, నేనలా అనగలను. సుందరమ్మకి అలాంటిదేమీ లేదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. తుడుచుకుని లేచి, శివకోడు వెళ్దామంది.

"ఇంకా దేనికి? ఆయన స్కూలుకి పిల్లల్ని చేర్పించడానికా?"

"ఉంటానని చెప్పి వచ్చేను కదండీ ఆవిడతో. ఉండనని చెప్పాలి."

కాంతమ్మగారు మమ్మల్ని చూసి మళ్ళీ మంచినీళ్ళు తెచ్చారు. సుందరమ్మ తాగకుండా గ్లాసు పక్కన పెట్టి, జూన్ నుంచి తాను ఆ స్కూల్లో ఉండనని చెప్పింది. కారణం చెప్పలేదు. కాంతమ్మగారి మొహం వాడిపోయింది. గుమ్మంలో నిలబడ్డ పింకీ తలుపు పట్టుకుని వింటోంది.

"మరి లెక్కలు ఎవరు చెబుతారండీ?"

"వినయ్ గారని, కరస్పాండెంటుగారి బావమరిది అండీ."

"ఆయన ఎలా చెబుతారండీ? బాగా చెబుతారాండీ?"

నేను నోరు తెరిచాను. నాలుక చివర చాలా ఉంది. నిపుణుడి మాట, రొయ్యల వేపుడు, బోడి మడి, అన్నీ అక్కడే కుమ్మరించి ఆ స్కూలు పరువు వీధిలో పెడదామనుకున్నాను. సుందరమ్మ నా మోచేయి పట్టుకుని ఆపింది.

"తెలీదండీ. ఆయన పాఠం నేనెప్పుడూ వినలేదు. వినకుండా ఎలా చెప్పనండీ?"

కాంతమ్మగారు మేం ఇచ్చిన కరపత్రం కిటికీ గట్టు మీంచి తీసి, మడత విప్పకుండానే నా చేతిలో పెట్టేశారు.

"మీరు ఎక్కడ చేరతారండీ మరి?"

"ఇంకా ఏమీ లేదండీ. అసలు దొరుకుతుందో లేదో."

"దొరికేక కబురు పెట్టండి. అప్పటిదాకా మా పిల్లని ఎక్కడా చేర్చనండి," అన్నారు కాంతమ్మగారు.