అద్దం మీద రెండు దెబ్బలు

శనివారం మధ్యాహ్నం ఊరి కిరాణా కొట్టులో పాల ఫ్రిజ్ పక్కన బల్ల వేశారు. బల్ల వెనక డెక్లన్ ఫ్రీసెన్ కూర్చున్నాడు. పదిహేడేళ్లవాడు, ఊరి మంచు హాకీ జట్టులో పంతొమ్మిదో నంబరు. కుడి చేతికి వేళ్ల నుంచి మోచేతి దాకా పిండికట్టు. ఎడమ చేత్తోనే అభిమానులకు సంతకాలు గీకుతున్నాడు.

వరుసలో ఒరెస్ట్ హవ్రిలుక్ నిలబడ్డాడు. ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కోటు జేబులో ఆట బిళ్ల ఉంది. పోయిన ఏడాది ఆటలో అద్దం మీదుగా ఎగిరొచ్చి ఒళ్లో పడిన నల్ల రబ్బరు బిళ్ల.

"ఇవాళైనా చెప్పు. లేకపోతే నేనే చెప్పేస్తా," అంది పక్కనున్న అతని భార్య ఎల్సీ.

"ఏమని?"

"అద్దం బాదే పిచ్చోడు మా ఆయనేనని."

"మెల్లగా మాట్లాడవే!"

ఆడే మంచు చుట్టూ నిలువెత్తు గాజు అద్దం గోడలా ఉంటుంది. ఒక మూలన, మొదటి వరుసలో ఒరెస్ట్ సీటు. ఆ మూలలో బిళ్ల కోసం వంగినవాడికి వెనక ఎవడొస్తున్నాడో కనబడదు. ఒరెస్ట్‌కు కనబడుతుంది. ఎవడైనా గుద్దడానికి దూసుకొస్తే అద్దం మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. రెండేళ్లుగా, పంతొమ్మిదో నంబరు ఒక్కడికే. కుర్రాడు ప్రతిసారీ తప్పుకునేవాడు. చప్పుడు విని తప్పుకుంటున్నాడో, సొంత తెలివో తెలీదు. అది తేల్చుకోవాలనే ఇవాళ వచ్చాడు.

ముందున్న మంగలి లైల్ బల్ల మీదికి వంగాడు. "ఎలా తగిలిందయ్యా ఆ దెబ్బ? నీకు వీపున కళ్లున్నాయనుకున్నామే!"

"నాక్కాదు సార్, ఆ మూల అద్దానికున్నాయి," అని నవ్వాడు డెక్లన్. "ఎవరో రెండుసార్లు కొడతారు. కొట్టారంటే వెనక మనిషున్నట్టే. ఒక్కసారీ తప్పలేదు. అందుకే అక్కడ వెనక్కి చూడ్డం మానేశా. ఆ రోజు చప్పుడు రాలేదు. ఎవరూ లేరనుకున్నా."

అప్పుడు ఒరెస్ట్ తన సీట్లో లేడు. ఆ రోజు రెండో విరామంలో ఎల్సీ గ్రేవీ పోసిన బంగాళదుంప ఫ్రైస్ అడిగింది. కౌంటరు దగ్గర వరుస పొడుగ్గా ఉంది. ఆట మొదలైనా అది కదల్లేదు. లోపల రెండువేల మంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం అక్కడికే వినబడింది.

ఎల్సీ అతని కోటు పట్టుకుని లాగింది. "పద, ఇంటికెళ్దాం," అంది గుసగుసగా.

"కదలండి పెద్దాయనా, మీ వంతే!" అంది వెనకనుంచి ఎవరో ఆవిడ.

ఒరెస్ట్ బల్ల దగ్గరికి వెళ్లాడు. వేలి కణుపుతో బల్ల మీద కొట్టాడు. టక్, టక్.

డెక్లన్ చేతిలో కలం ఆగిపోయింది. తల ఎత్తాడు.

"మీరా?"

"నేనే బాబూ."

"ఆ రోజు ఎక్కడికెళ్లారు?"

"ఫ్రైస్ తేవడానికి."

"ఫ్రైస్‌కా?"

"గ్రేవీ పోసినవి," అన్నాడు ఒరెస్ట్. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

కుర్రాడు నవ్వలేదు. పిండికట్టు వంక చూసుకున్నాడు. "ఆ రోజు పెద్ద జట్టుకి ఆటగాళ్లను ఎంచే మనిషి నన్ను చూడ్డానికే వచ్చాడు సార్." సంతకం పెట్టడానికి ఎడమ చెయ్యి చాచాడు. ఒరెస్ట్ బిళ్ల ఇచ్చాడు. డెక్లన్ దాని మీద వెండి రంగు సిరాతో వంకరటింకరగా పేరు రాశాడు, కింద 19 వేశాడు.

"ఇంక కొట్టకండి," అన్నాడు బిళ్ల తిరిగిస్తూ. "ఇంకో ఊరికి వెళ్తే అక్కడ మీరుండరు కదా."

మార్చిలో పిండికట్టు తీశాక మొదటి ఆట. ఒరెస్ట్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్సీ ఏమీ తినలేదు. ఆఖరి పది నిమిషాల్లో బిళ్ల ఆ మూలకే వచ్చింది. డెక్లన్ వంగాడు. వెనక అవతలి జట్టు నీలం చొక్కావాడు, ఎద్దులాంటివాడు, రివ్వున వస్తున్నాడు. కుర్రాడు చూడలేదు. ఇంకా చూడలేదు. ఒరెస్ట్ కుడి చెయ్యి బయటికొచ్చేసింది. ఎల్సీ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

డెక్లన్ తల తిప్పాడు.

నీలం చొక్కావాడు ధడేలుమని ఒరెస్ట్ మొహం ముందు అద్దానికి గుద్దుకున్నాడు. అప్పటికి బిళ్లా, పంతొమ్మిదో నంబరూ అక్కడ లేరు.

"ఇంక ఊపిరి తీసుకోవయ్యా," అంది ఎల్సీ. చెయ్యి మాత్రం వదల్లేదు.